లోతు పట్టికలో లేని అగాధం

మరియానా అగాధం లోతెంతని అడిగితే విజయవాడలో గ్రూప్స్‌కి చదువుతున్న పిల్లలెవరైనా తడుముకోకుండా చెబుతారు. మా అక్క కూతురూ అంతే. మొన్న ఆదివారం సత్యనారాయణపురంలో వాళ్లింటికి వెళ్తే, జాగ్రఫీ బిట్లు అప్పజెప్పించుకోమని నోట్స్ నా చేతిలో పెట్టింది. పసిఫిక్‌లో మరియానా, 11 కిలోమీటర్లకు కాస్త తక్కువ. అట్లాంటిక్‌లో ప్యూర్టోరికో, 8 పైన. హిందూ మహాసముద్రంలో సుండా, 7 పైన. ఒక్కటీ పొల్లుపోలేదు.

"అంత లోతు సరిగ్గా అక్కడే ఎందుకు పడింది?" అన్నాను.

"అది బిట్‌గా రాదు మావయ్యా."

ఆ అమ్మాయిని తప్పుపట్టను. పరీక్ష ఏది అడిగితే అదే చదువుతుంది, పైగా ఉద్యోగం రావాలన్న టెన్షన్‌లో ఉంది. నన్ను కలవరపెట్టింది ఆ పట్టికే. 2004 డిసెంబరు 26న మన తీరంలో వందమందికి పైగా ప్రాణాలు తీసిన నీళ్లు ఎక్కడ లేచాయో, ఆ చోటు ఆ పట్టికలో కనబడదు. సుండా పేరు ఉంది కదా అనొచ్చు. కానీ ఆ 7 కిలోమీటర్ల లోతు జావా దీవికి దక్షిణాన ఉంది. ఆ రోజు పగిలింది ఉత్తరపు కొస, సుమత్రా నుంచి మన అండమాన్ దాకా. అక్కడా అగాధం ఉంది, కాకపోతే చాలావరకు మట్టితో పూడిపోయి ఉంది. లోతును బట్టి వరస పేరిస్తే దానికి చోటు దక్కదు. సముద్రపు అడుగును లోతుల పట్టికగా నేర్పినంత కాలం మన పిల్లలకి మన సముద్రం తెలియదు. నేను చెప్పాలనుకున్నది ఇదే.

మా పిన్నిది బందరు. సునామీ వచ్చిన ఆ 2004 ఆదివారం మార్గశిర పౌర్ణమి. ఇరుగుపొరుగు ఆడవాళ్లతో కలిసి మంగినపూడికి సముద్ర స్నానానికి వెళ్లింది. ఎండ కాస్తోంది, గాలి లేదు. మోకాలి లోతులో నిలబడి ఉండగా నీళ్లు నడుము దాటాయి, ఆ వెంటనే మెడ దాకా వచ్చాయి. పడవ తాడొకటి చేతికి దొరికింది కాబట్టి బతికింది. ఆమెతో వెళ్లినవాళ్లలో ఒకావిడ తిరిగి రాలేదు. సాయంత్రం నేను బందరు చేరేసరికి పిన్ని అరుగు మీద కూర్చుని ఒకటే మాట అంటోంది.

"గాలి లేకుండా ఉప్పెన ఏంట్రా?"

బందరు వాళ్లకి ఉప్పెన కొత్త కాదు. 1864 నవంబరు ఉప్పెన ఊళ్లో సగాన్ని తుడిచిపెట్టిందని తాతల నుంచి విన్నారు. 1977 దివిసీమ ఉప్పెనను కళ్లారా చూశారు. ఆ రెండూ తుపాను గాలితో వచ్చినవే. గాలి మొదలైతే భయపడాలని, ఆకాశం తేటగా ఉంటే ఫరవాలేదని వాళ్లు తరతరాలుగా నేర్చుకున్నారు. 2004లో వచ్చింది పైనుంచి కాదు, కింద నుంచి. పిన్ని ప్రశ్నకు ఆ రోజు నా దగ్గర జవాబు లేదు. అది వెతుక్కుంటూ పోతేనే నాకు సముద్రపు అడుగు పరిచయమైంది.

మనలో చాలామంది ఊహలో సముద్రం ఒక పెద్ద చెరువు. గట్టు దగ్గర లోతు తక్కువ, నడిమికి పోయేకొద్దీ ఎక్కువ. ఈ ఊహతో మ్యాపు చూస్తే ఏదీ పొసగదు. అతి లోతైన చోట్లన్నీ అంచుల వెంబడే ఉంటాయి. జపాన్‌ని ఆనుకుని, ఫిలిప్పీన్స్‌ని ఆనుకుని, చిలీ తీరాన్ని ఆనుకుని, సుమత్రా, జావాలను ఆనుకుని. అట్లాంటిక్ నడిమధ్యన చూస్తే లోతుకు బదులు కొండల వరస ఉంది. అలాంటి వరసలు మహాసముద్రాలన్నిటిలో కలిపి 65 వేల కిలోమీటర్ల దాకా ఉన్నాయి.

ఆ కొండల సంగతి తేల్చిన మేరీ థార్ప్ అంటే నాకు చాలా గౌరవం. 1950ల మొదట్లో ఆమె అమెరికాలోని లామాంట్ పరిశోధన కేంద్రంలో పనిచేసేది. ఆడవాళ్లను పరిశోధన ఓడలు ఎక్కనివ్వని రోజులు. ఓడల మీద మగవాళ్లు కొలిచి తెచ్చిన లోతులు ఆమె బల్ల మీదికి వచ్చేవి. అంటే ఆమె చేతిలో ఉన్నదీ ఒక లోతుల పట్టికే. ఆమె దాన్ని అంకెలుగా వదిలెయ్యలేదు, పక్కనుంచి కోసి చూస్తే నేల ఎలా కనిపిస్తుందో అలా గీసింది. అట్లాంటిక్ కొండల వరస నెత్తి మీద పొడవునా ఒక చీలిక బయటపడింది. ఆమెతో పనిచేసే బ్రూస్ హీజెన్ మొదట అది ఆడపిల్లల కబుర్లని కొట్టిపారేశాడు. తరవాత భూకంపాలు వచ్చిన చోట్లను అదే కొలతతో మ్యాపు మీద గుర్తిస్తే, అవి వరసగా ఆ చీలికలోనే పడ్డాయి. అక్కడ భూమి విడిపోతోందని, కింద నుంచి కరిగిన రాయి పైకి వచ్చి కొత్త నేల పుడుతోందని ఒప్పుకోక తప్పలేదు. 1962లో అమెరికా భూవిజ్ఞాని హ్యారీ హెస్ దీన్ని పూర్తి కథగా రాశాడు: నేల రిడ్జ్ అనే ఆ కొండల వరస దగ్గర పుడుతుంది, పక్కలకు జరుగుతుంది, అగాధాల దగ్గర మళ్లీ లోపలికి పోతుంది.

ఈ కథలో నాకు బాగా నచ్చే భాగం నేల ముసలిదవడం. రిడ్జ్ దగ్గర కొత్తగా పుట్టిన నేల వేడిగా ఉంటుంది, వేడికి ఉబ్బి తేలిగ్గా ఉంటుంది. అందుకే అక్కడ నీటి లోతు రెండున్నర కిలోమీటర్లే. ఏడాదికి కొన్ని సెంటీమీటర్ల చొప్పున దూరం జరుగుతూ అది చల్లారుతుంది. చల్లారేకొద్దీ కుంచించుకుపోయి బరువెక్కి కిందికి దిగుతుంది. పది కోట్ల ఏళ్లు గడిచేసరికి లోతు ఐదున్నర, ఆరు కిలోమీటర్లు అవుతుంది. ఆ వయసుకి దాని కింద చల్లబడి గట్టిపడిన పలక వంద కిలోమీటర్ల మందానికి దగ్గరవుతుంది, దిగువన ఉన్న మాంటిల్ అనే వేడి రాతి పొర కంటే బరువుగా తయారవుతుంది. ఇక అది పైన నిలవలేదు. ఎక్కడో ఒక అంచున వంగి లోపలికి జారుతుంది. ఆ వంపు దగ్గర పడే పొడవాటి లోయనే మనం అగాధం అంటున్నాం.

దండెం మీద ఆరేసిన తడి చీర గుర్తుకు తెచ్చుకోండి. ఒక పక్క కాస్త ఎక్కువ వేలాడితే చాలు, ఆ బరువే మిగతా చీరనంతా లాక్కుపోతుంది. ఎవరూ నెట్టక్కర్లేదు. సముద్రపు పలక కూడా అంతే. లోపలికి దిగిన కొస ఒత్తిడికి ఇంకా చిక్కబడి, ఇంకా బరువెక్కి, వెనకున్న వేల కిలోమీటర్ల పలకను లాగుతుంది. పలకలు కదలడానికి ముఖ్యమైన కారణం ఈ లాగుడేనని ఇప్పుడు ఎక్కువమంది శాస్త్రవేత్తల అభిప్రాయం. చిన్నప్పుడు నాకు క్లాసులో రెండు పలకలు గుద్దుకుంటే ఒకటి కిందికి పోతుందని చెప్పారు. గుద్దుకోవడం అనే మాటలో సగం సంగతే ఉంది. ముసలి నేల తన బరువుతో తాను మునుగుతోంది. ఖండాల మీద 400 కోట్ల ఏళ్ల నాటి రాళ్లు దొరుకుతున్నాయి. మహాసముద్రాల అడుగున మాత్రం 20 కోట్ల ఏళ్లు దాటిన నేల దాదాపు కనిపించదు. అంతకంటే పాతదంతా ఇలా మునిగిపోయింది.

మనకు దగ్గర్లో ఒక కొలత చెబుతాను. మన ఇంద్రకీలాద్రి తూర్పు కనుమల రాయి. దాని వయసు వంద కోట్ల ఏళ్లకు పైమాటే. ఆ కొండను చూస్తూ నిలబడి ఆగ్నేయానికి తిరిగితే, డెబ్బై ఎనభై కిలోమీటర్ల అవతల మొదలయ్యే సముద్రపు అడుగు దాని ముందు పసిపాప. భారతదేశం, అంటార్కిటికా విడిపోవడం మొదలై సుమారు 13 కోట్ల ఏళ్లయింది. బంగాళాఖాతం అడుగు ఆ తరవాత పుట్టిందే.

ఇప్పుడు మొదటి ప్రశ్నకు వద్దాం. మరియానా అంత లోతు ఎందుకు? అక్కడ మునుగుతున్న పసిఫిక్ నేల ప్రపంచంలోని అతి పాత సముద్రపు నేలల్లో ఒకటి, పదిహేను కోట్ల ఏళ్లు దాటినది. చల్లగా, బరువుగా ఉంది కాబట్టి దాదాపు నిట్టనిలువునా దిగుతోంది. రెండో కారణాన్ని మనం పట్టించుకోం. దాని దరిదాపుల్లో గంగ లాంటి పెద్ద నది లేదు. పడిన గొయ్యి పడినట్టే ఉంది, పూడ్చడానికి మట్టి చేరలేదు. అంటే పట్టికలోని లోతులో రెండు సంగతులు కలిసిపోయి ఉన్నాయి: నేల ఎంత వంగింది, దాని మీద ఎంత మట్టి పడింది. ఒక్క అంకె చూస్తే ఏది ఎంతో తెలియదు.

మట్టి గురించి మన ఊరికి ఎవరూ చెప్పనక్కర్లేదు. 2024 సెప్టెంబరు మొదట్లో ప్రకాశం బ్యారేజీ దగ్గర వరద 11 లక్షల క్యూసెక్కులు దాటినప్పుడు కృష్ణ ఏ రంగులో పారిందో మనందరం చూశాం. అలాంటి ఒండ్రు సముద్రంలో కలిశాక ఏమవుతుంది? కొంత డెల్టా అంచున ఆగుతుంది. కొంత ఖండతీరపు అంచు మీద పేరుకుంటుంది. పేరుకున్నది ఎప్పుడో ఒకప్పుడు జారుతుంది. బురద కలిసిన నీరు మామూలు నీటికంటే బరువు, అందుకని అది సముద్రం అడుగునే పట్టుకుని వాలు వెంట నదిలా పరిగెడుతుంది. 1929 నవంబరులో కెనడా తూర్పున గ్రాండ్ బ్యాంక్స్ దగ్గర భూకంపం వచ్చాక అట్లాంటిక్ టెలిగ్రాఫ్ కేబుళ్లు గంటల తేడాతో ఒకదాని తరవాత ఒకటి, లోతు వైపు వరసగా తెగిపోయాయి. వాటిని తెంచుకుంటూ పోయింది బురద వరదేనని తరవాత లెక్కకట్టి చూపించారు. ఇలాంటి వరదలు దిగే లోయలు మన తీరం ముందు కూడా ఉన్నాయి. 1950లు, 60లలో ఆంధ్ర విశ్వవిద్యాలయం పరిశోధనల్లో బయటపడిన లోయలకు ఆంధ్రా, మహదేవన్, కృష్ణ అని పేర్లు పెట్టారు. సముద్రం కింద మన పేర్లున్న లోయలు ఉన్నాయని ఏ బిట్ పేపర్లోనూ నాకు కనబడలేదు.

కృష్ణా, గోదావరి తెచ్చేది ఇందులో కొంతే. అసలు మట్టి హిమాలయాలది. గంగ, బ్రహ్మపుత్ర కోట్ల ఏళ్లుగా ఆ కొండల్ని అరగదీసి బంగాళాఖాతంలో పోస్తున్నాయి. ఆ ఒండ్రు విసనకర్రలా పరుచుకుని మూడు వేల కిలోమీటర్ల పొడవున, శ్రీలంకను దాటి, భూమధ్యరేఖను కూడా దాటి పోయింది. ప్రపంచంలో ఇంత పెద్ద సముద్రాంతర ఒండ్రు మేట ఇంకొకటి లేదు. ఉత్తరాన దాని మందం 16 కిలోమీటర్ల దాకా ఉంటుంది. లోపలి నుంచి కరిగిన రాయి ఎగదన్నే చోటైన కెర్గ్యులెన్ హాట్‌స్పాట్ మీదుగా మన పలక ఉత్తరానికి వస్తున్నప్పుడు ఏర్పడిన తొంభై డిగ్రీల రిడ్జ్ సుమారు ఐదు వేల కిలోమీటర్ల పొడవు. దాని ఉత్తరపు భాగమే ఈ మట్టిలో మునిగిపోయింది. అంత పర్వత శ్రేణినే కప్పేసిన మట్టికి ఒక అగాధం లెక్కా?

అండమాన్ పడమటి వైపున జరిగింది అదే. మన పలక మట్టిని మోసుకుంటూ వెళ్లి అక్కడ లోపలికి దిగుతోంది. పలక దిగుతుంది గానీ మీది మట్టి అంతా దిగదు. కళ్లంలో ఆరబోసిన ధాన్యాన్ని చెక్కతో నెడితే ముందు కుప్ప పడుతుంది చూడండి, అలా అవతలి పలక అంచు ఈ మట్టిని గీకి కుప్ప పోస్తుంది. అండమాన్, నికోబార్ దీవుల్లో చాలా భాగం అలా కుప్పపడి నీటి మీదికి లేచిన సముద్రపు మట్టి, సముద్రపు అడుగు రాయి. దీవులకు ఇంకాస్త తూర్పున బారెన్ దీవిలో అగ్నిపర్వతం ఉంది, దేశంలో ఇప్పటికీ రగులుతున్నది అదొక్కటే. లోపలికి దిగిన పలక తనతో తీసుకెళ్లిన నీటిని వదులుతుంది. నీరు చేరిన మాంటిల్ రాయి తక్కువ వేడికే కరుగుతుంది. అక్కడ పొగ లేస్తోందంటే అగాధం పూడినా దాని కింద పని ఆగలేదని అర్థం.

దిగే పలక నున్నగా జారిపోతే ఎవరికీ బాధ లేదు. చాలాచోట్ల అది పై పలకకు పట్టుకుంటుంది. కింది పలక దిగుతూనే ఉంటుంది కాబట్టి పై పలక అంచు దానితోపాటు కిందికి వంగుతూ వస్తుంది, ప్లాస్టిక్ స్కేలును బల్ల అంచున వంచినట్టు. వందల ఏళ్ల తరవాత పట్టు తప్పుతుంది. 2004లో ఉదయం 6 గంటల 28 నిమిషాలకు సుమత్రా దగ్గర పట్టు తప్పడం మొదలై, సుమారు పది నిమిషాల్లో 1,300 కిలోమీటర్లు ఉత్తరానికి పాకి అండమాన్ చేరింది. భూకంపం తీవ్రత 9.1. అగాధం వైపున్న నేల పైకి లేచింది. దాని వెనక, తూర్పు వైపు నేల కుంగింది. నికోబార్‌లోని ఇందిరా పాయింట్ నాలుగు మీటర్లకు పైగా దిగి, అక్కడి లైట్‌హౌస్ నీళ్లలో నిలబడింది.

తూర్పున నేల కుంగింది కాబట్టి థాయిలాండ్ తీరంలో సముద్రం మొదట వెనక్కి పోయింది. మన వైపు నేల లేచింది, మొదటి అల పొంగుగానే వచ్చింది. సునామీ అంటే ముందు సముద్రం వెనక్కి పోతుంది, అది చూసి పరిగెత్తాలి అని ఇప్పుడు అందరూ చెబుతున్నారు. థాయిలాండ్‌లో ఆ మాట ప్రాణం కాపాడుతుంది. మంగినపూడిలో మా పిన్ని అలాంటి గుర్తు కోసం చూస్తూ నిలబడి ఉంటే ఆమెకు ఏ హెచ్చరికా అందేది కాదు. అగాధానికి మనం ఏ పక్కన ఉన్నామన్నది తెలియకుండా నేర్చుకున్న జాగ్రత్త సగం జాగ్రత్తే.

పూడిపోయిన అగాధాలు మనకొక్కరికే లేవు. అరేబియా సముద్రానికి ఉత్తరాన మక్రాన్ తీరం ముందు ఇలాగే మట్టి కప్పేసిన అగాధం ఉంది. 1945 నవంబరులో అక్కడ 8 దాటిన భూకంపం వచ్చి, సునామీ ముంబై దాకా తగిలింది. అమెరికా వాయవ్య తీరంలో కాస్కేడియా ఇంకో ఉదాహరణ. పైకి అగాధం కనిపించదు, రాతపూర్వక చరిత్రలో పెద్ద భూకంపమూ లేదు. కాబట్టి అక్కడ పలక ప్రశాంతంగా దిగిపోతోందని చాలాకాలం అనుకున్నారు. తరవాత తీరంలో ఒక్కసారిగా కుంగి ఉప్పునీటికి చచ్చిపోయిన అడవుల మొదళ్లు దొరికాయి. భూకంపం లేకుండా సునామీ వచ్చిందని జపాన్ వాళ్లు రాసిపెట్టుకున్న పాత కాగితాలతో వాటిని జత చేస్తే, 1700 జనవరి 26 రాత్రి అక్కడ 9 స్థాయి భూకంపం వచ్చిందని తేలింది.

మరి పట్టికలో మొదటి స్థానంలో ఉన్న మరియానా సంగతి? అక్కడ 9 స్థాయి భూకంపం ఇంతవరకు నమోదు కాలేదు. పలక తన బరువుకి నిటారుగా దిగిపోతుంది, పై పలకను గట్టిగా పట్టుకోదు. చిలీ దగ్గర దిగేది వయసులో చిన్న పలక, ఏటవాలుగా ఒరుసుకుంటూ దిగుతుంది. మనిషి కొలిచిన అతి పెద్ద భూకంపం, 9.5, 1960లో వచ్చింది అక్కడే. మందపాటి ఒండ్రు పలకల మధ్య ఎగుడుదిగుళ్లను సాపు చేస్తుందని, అందుకే అలాంటి చోట్ల పగులు ఆగకుండా దూరం పోతుందని వాదించే శాస్త్రవేత్తలు కూడా ఉన్నారు. దీన్నిబట్టి లోతుంటే భయం లేదనుకోవడమూ పొరపాటే. 2011లో జపాన్‌ను ముంచిన సునామీ 8 కిలోమీటర్ల లోతున్న అగాధం దగ్గరే పుట్టింది. లోతు అంకె ప్రమాదం గురించి ఇటూ చెప్పదు, అటూ చెప్పదు. పలక ఎంత గట్టిగా పట్టుకుంది, ఎంత పొడవున పట్టుకుంది, ఎన్నాళ్లుగా పట్టుకుని ఉంది అన్నవే అడగవలసిన ప్రశ్నలు.

కోచింగ్‌లో పాఠం చెప్పే నా స్నేహితుడితో ఇదంతా అన్నాను. ఆయన మాటలోనూ న్యాయం ఉంది. "ఒక ప్రశ్నకి నిమిషం కూడా దొరకదు. లోతు అడిగితే ఒక జవాబు ఉంటుంది, కారణం అడిగితే నాలుగు ఆప్షన్లలో ఎలా పెడతారు?" అన్నాడు. పెట్టొచ్చనే నా నమ్మకం. అండమాన్ పడమటి వైపున్న అగాధం లోతు తక్కువగా ఉండటానికి కారణమేది అని అడిగి, నాలుగు కారణాలు ఇచ్చి చూడండి. జవాబు ఒక్కటే. కాకపోతే అది తెలియాలంటే పిల్లలు గంగ నుంచి సుమత్రా దాకా ఒకసారి మనసులో నడిచి రావాలి. హైదరాబాద్‌లోని ఇన్‌కాయిస్ అనే సముద్ర సమాచార సంస్థలో 2007 నుంచి సునామీ హెచ్చరిక కేంద్రం పనిచేస్తోంది. సముద్రం అడుగున పెట్టిన పరికరాలు నీటి పీడనంలో చిన్న తేడాను కూడా పసిగట్టి చెబుతాయి. ఆ కబురు బందరుకి, నిజాంపట్నానికి, సూర్యలంకకి నిమిషాల్లో అందుతుందనే అనుకుందాం. ఎండ కాస్తూ, గాలి లేని పూట ఆ కబురు వస్తే నమ్మి కదలాల్సింది జనం. గాలి లేకుండా ఉప్పెన ఎందుకు వస్తుందో తెలియని వాళ్లు ఎలా కదులుతారు?

మొన్నటి ఆదివారం మా అక్క కూతురూ నేనూ బిట్లు పక్కన పెట్టి, పాత క్యాలెండరు వెనక పేజీ మీద బందరు నుంచి బారెన్ దీవి దాకా సముద్రాన్ని పక్కనుంచి కోసినట్టు బొమ్మ గీశాం. లోతు తక్కువగా ఉన్న తీరపు అంచు, ఒక్కసారిగా దిగే వాలు, ఆ తరవాత వందల కిలోమీటర్లు సాపుగా పోయే మట్టి మైదానం. మట్టి కింద చుక్కల గీతలతో పూడిపోయిన రిడ్జ్‌లు. అవతలి చివర వంగి దిగుతున్న పలక, దాని మీద కుప్పపడిన అండమాన్. మూడు కిలోమీటర్ల లోతు నీటిలో అల గంటకు 600 కిలోమీటర్లకు పైగా పోతుంది కాబట్టి, అండమాన్ నుంచి మన ఒడ్డుకి రెండు గంటలు, మహా అయితే రెండున్నర అని లెక్క వేసింది మా అక్క కూతురు.

లెక్క అయ్యాక ఫోన్ తీసి బందరుకి కలిపింది.

"చిన్నమ్మమ్మా, ఆ రోజు సముద్రం ముందు వెనక్కి పోయిందా, ముందు పైకొచ్చిందా?"

స్పీకర్లో పిన్ని గొంతు కాసేపు వినబడలేదు. తరవాత నెమ్మదిగా చెప్పింది. "ముందు పైకే వచ్చిందమ్మా. వెనక్కి లాగింది తరవాత. ఆ లాగుడులోనే పోయింది ఆవిడ." ఇంకొంచెం ఆగి, "ఇన్నేళ్లలో ఈ సంగతి నన్నెవరూ అడగలేదే" అంది.